ఆమేన్ అనేలోగా చల్లారే అన్నం

పోయిన నెల అరోరా అనే ఊళ్ళో మా అమ్మాయి సునీత ఇంట్లో కొన్నాళ్ళు ఉండి వచ్చాను. పెళ్ళై ఇంకా ఏడాది నిండలేదు, అప్పుడే ఆ పిల్ల దగ్గర మొగుడి మీద బోలెడన్ని ఫిర్యాదులు పోగయ్యాయి. తడి టవల్ తీసుకొచ్చి మంచం మీద పడేస్తాడట. ఈ పిల్ల డిష్‌వాషర్‌లో సర్దిన గిన్నెలన్నీ బయటికి తీసి మళ్ళీ తన పద్ధతిలో సర్దుతాడట. పాల డబ్బాలో గుక్కెడు పాలు మిగిల్చి, అది ఖాళీ కాలేదు కాబట్టి పారేసే బాధ్యత తనది కాదన్నట్టు ఫ్రిజ్‌లో పెట్టేస్తాడట. ఇవన్నీ చెప్పి, "డాడీ అలా కాదు కదా మమ్మీ. హీ ఈజ్ సో కామ్. నిన్ను ఒక్క మాట అనడం నేనెప్పుడూ వినలేదు" అంది. తాగుతున్న కాఫీ నాకు పొలమారింది. "మీ డాడీ కళ్ళు తెరుచుకుని నన్నొక్క మాటా అనలేదే. అన్నీ కళ్ళు మూసుకునే అన్నాడు" అన్నాను. దానికి అర్థం కాలేదు. చెప్పమని కూర్చుంది. అప్పుడు చెప్పినవీ, కూతురికి చెప్పకుండా దాచుకున్నవీ కలిపి ఇప్పుడు రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో అమెరికాలో, నోవై అనే ఊళ్ళో మాది రెండో అంతస్తు అపార్ట్‌మెంటు. మా ఆయన ప్రసన్నకుమార్ బ్రేకుల భాగాలు చేసే కంపెనీలో ఇంజనీరు. ఊరు బాపట్ల. నాది రేపల్లె. రెండు ఊళ్ళకీ మధ్య పెద్ద దూరం లేదు కానీ, రెండు ఇళ్ళకీ మధ్య చాలా ఉందని నాకు ఆ అపార్ట్‌మెంటులోనే తెలిసింది. ఆయన ఏ సొరుగూ పూర్తిగా మూయడు. వంటింట్లో చెంచాల సొరుగు నుంచి బీరువా కింది అర దాకా అన్నీ రెండంగుళాలు బయటికి నాలుకలు చాపినట్టు ఉంటాయి. నా తుంటి మీద ఎప్పుడూ ఒక నల్లని మచ్చ ఉండేది. కాఫీ ఎన్నడూ ఆఖరి గుక్క తాగడు. ఆ గుక్కతో కప్పును కిటికీ గట్టు మీదో, టీవీ మీదో, స్నానాలగదిలో అద్దం కిందో వదిలేస్తాడు. శనివారం పొద్దున నేను ఇల్లంతా తిరిగి కప్పులు ఏరుకొచ్చేదాన్ని, కోళ్ళు గుడ్లు ఎక్కడెక్కడ పెట్టాయో వెతుక్కున్నట్టు. ఇంట్లో వేడి ఫారెన్‌హీట్ లెక్కన అరవై రెండు డిగ్రీలు దాటనిచ్చేవాడు కాదు, స్వెట్టర్ లేకుండా కూర్చోలేం. నేను అరవై ఎనిమిది చేస్తే, అటుగా వెళ్తూ వేడి తిప్పుకునే గోడ మీది చక్రాన్ని వేలితో ఒక్క తోపు తోసి, ఏమీ ఎరగనట్టు వెళ్ళిపోయేవాడు. మధ్యలో అరవై అయిదు అనే అంకె ఉందని ఆ ఇంట్లో ఇద్దరికీ తోచలేదు.

ఇవన్నీ భరించాను. భరించలేనిది ఒకటుంది. భోజన ప్రార్థన.

మా నాన్న కూడా అన్నం ముందు ప్రార్థన చేసేవాడు. రైస్‌మిల్లు గుమాస్తా. బస్తాల లెక్క ఎంత క్లుప్తంగా చెప్పేవాడో దేవుడితోనూ అంతే. "ఇచ్చినందుకు స్తోత్రం తండ్రీ, లేనివాళ్ళకీ ఇవ్వు, ఆమేన్." ఆ మాట పూర్తయ్యేసరికి ఆయన వేళ్ళు అన్నంలో ఉండేవి. మా మామగారిది వేరే పద్ధతి. ఆయన ఊరూరా తిరిగి వాక్యం చెప్పే మనిషి. ఆయన భోజన ప్రార్థన వడ్డించిన పళ్ళెంతో మొదలై, పొలం దున్నిన రైతు మీదుగా, మబ్బుల మీదుగా, దేశాన్నేలే అధికారుల దాకా పోయి, మళ్ళీ పళ్ళెం దగ్గరికి వచ్చేది. ఆ ఇంట్లో పెరిగిన కొడుక్కి అంతకంటే పొట్టి ప్రార్థన అంటే దేవుణ్ణి గుమ్మంలోంచే పంపేసినట్టు. అయితే ఇందులో ఎవరూ ఆలోచించని లెక్క ఒకటుంది. బాపట్లలో మే నెలలో, పొయ్యి మీంచి దించిన అన్నం కాస్త చల్లారితేనే చెయ్యి పెట్టగలం. మా అత్తగారింటి ప్రార్థన సరిగ్గా ఆ చల్లారే వ్యవధికి సరిపోయేలా కుదిరింది. దాన్ని అలాగే, ఒక్క మాట తగ్గించకుండా, బయట మంచు కురుస్తూ లోపల అరవై రెండు డిగ్రీలున్న ఇంటికి పట్టుకొస్తే ఏమవుతుంది? పప్పు మీద మీగడలాంటి తొక్క కడుతుంది. నెయ్యి పేరుకుని పళ్ళెం అంచున తెల్లగా అతుక్కుంటుంది. చారు నీళ్ళవుతుంది. నేను పొగలు కక్కేలా వండింది ఆయన ఆమేన్ అనేసరికి నిన్నటి వంటలా తయారయ్యేది.

"కొంచెం తగ్గించకూడదా అండీ?" అని అడిగాను, పెళ్ళైన కొత్తలో.

"ఎవర్ని తీసెయ్యమంటావు విమలా? మీ అమ్మనా?" అన్నాడు.

అదీ ఆయన తెలివి. ప్రార్థనలో మా వాళ్ళందరూ ఉండేవాళ్ళు, వరసగా, పేర్లతో. మోకాళ్ళ నొప్పుల మా అమ్మ, పరీక్షలు తప్పిన మా తమ్ముడు, వాళ్ళ తర్వాత బాపట్ల వాళ్ళు, ఆ తర్వాత రోడ్డు మీద మంచు తోసే లారీ నడిపేవాడు, కింది వాటాలో లిండా, లిండా పిల్లి. ఎవర్ని కాదనను? వండి పెట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకుని, కళ్ళు సగం తెరిచి పప్పు మీద ఆవిరి సన్నబడుతుంటే చూస్తూ కూర్చునేదాన్ని.

ఇంతవరకైతే సర్దుకుపోయేదాన్నేమో. ప్రార్థనలో నామీద ఫిర్యాదులు మొదలయ్యాయి. మొదట నేను కనిపెట్టలేదు. ఒకరోజు నేను, ఖాళీ గది అనుకుని, ఆయన పేపరు చదువుతున్న గదిలో లైటు ఆర్పేశాను. ఆయన ఒక్క మాటా అనలేదు. రాత్రి భోజనాల దగ్గర, మంచు లారీవాడి తర్వాత, గొంతు ఇంకాస్త మెత్తన చేసి, "ప్రభువా, ఒక మనిషి వెలుగులో కూర్చుని ఉండగా ఆ వెలుగును ఆర్పకుండా ఉండే నెమ్మదిని ఈ గృహానికి దయచేయుము" అన్నాడు. నేను కళ్ళు తెరిచి చూశాను. ఆయన కళ్ళు గట్టిగా మూసుకునే ఉన్నాయి. ముఖం ఎంత పవిత్రంగా ఉందో! స్నేహితుల ముందు ఆయన చెప్పిన మైళ్ళ లెక్క తప్పని నేను సరిదిద్దిన రోజున, "మనుషుల మధ్య సహవాసాన్ని లెక్కల కంటే ఎక్కువగా ఎంచే మనసునిమ్ము" అన్నాడు. కూరలో ఉప్పెక్కువైన రోజున, "సమస్తాన్నీ తగుమాత్రంగా వాడే జ్ఞానం" అడిగాడు. దేవుడితో మాట్లాడే మనిషికి అడ్డం వెళ్ళకూడదు. పైగా చివర నేను ఆమేన్ అనాలి. అంటే నా తప్పును నేనే ఒప్పుకుని సంతకం పెట్టాలి. ఇంతకంటే పకడ్బందీగా పెళ్ళాన్ని తిట్టే పద్ధతిని ఏ మగవాడైనా కనిపెట్టాడేమో నాకు తెలియదు.

నెలకొకసారి మా తెలుగువాళ్ళం ఎవరో ఒకరింట్లో ప్రార్థనకు కలిసేవాళ్ళం. అక్కడ ఈయనకు మంచి పేరు. "వదినగారూ, అన్నయ్యగారు ప్రార్థన చేస్తుంటే కడుపు నిండిపోతుందండీ" అనేది మణి, విక్టర్ గారి భార్య.

"నిండక ఏం చేస్తుందమ్మా? బిర్యానీ గడ్డకట్టాక ఇంక తినడానికి ఏముంటుందీ?" అన్నాను.

ఆమె నవ్వింది. ఈయన నవ్వలేదు. మర్నాడు ప్రార్థనలో "హాస్యాన్ని అదుపులో ఉంచే కృప" వచ్చింది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. నేను చదివింది ఇంటర్‌మీడియట్. కానీ చిన్నప్పుడు మిల్లులో నాన్న పక్కన కూర్చుని, ఆయన నోటితో చెప్పే బస్తాలూ మణుగులూ వింటూ, ఆయన కలం ఆగేలోపు మొత్తం చెప్పెయ్యడం నాకొక ఆట. ఎవరూ నేర్పలేదు. అమెరికా వచ్చాక ఆ ఆట ఆడుకోవడానికి నాకు పోస్టాఫీసులో సరుకు దొరికింది. జనవరిలో అక్కడ టాక్సు లెక్కలు ఎలా కట్టుకోవాలో చెప్పే పుస్తకాలు ఊరికే ఇచ్చేవాళ్ళు. నేను తెచ్చుకుని, సునీతను ఒళ్ళో పడుకోబెట్టుకుని, కథల పుస్తకంలా చదివాను. మొదటి ఏడాది మా టాక్సు లెక్క నేనే చేశాను. రెండో ఏడాది లిండాది చేశాను. కిందటేడు ఆమె చేయించుకున్నచోట వదిలేసిన పన్ను తగ్గింపొకటి నాకు దొరికింది. లిండా ఆ సంగతి ఆ ఏడాది కొత్తగా తను చేరిన ఆఫీసులో చెప్పింది. అది మా దగ్గర్లోనే, బట్టలుతికే షాపు పక్కన, జనవరి నుంచి ఏప్రిల్ దాకా జనానికి టాక్సు లెక్కలు చేసిపెట్టే చిన్న ఆఫీసు. దాని యజమానురాలు డోరతీ నన్ను పిలిపించి, ఒక చిక్కు కాగితాల కట్ట ఇచ్చి, ఎదురుగా కూర్చుని సిగరెట్ కాల్చింది. సిగరెట్ అయిపోయేలోపు కట్ట తిరిగిచ్చాను. "హనీ, సాయంత్రాలు రాగలవా? వచ్చే సోమవారం నుంచి. శుక్రవారంలోగా చెప్పు, లేకపోతే వేరేవాళ్ళని చూసుకోవాలి" అంది.

ఆ సోమవారం మంచులో నడిచి ఇంటికి వస్తుంటే నాకు చలే తెలియలేదు. ఈ దేశంలో ప్రసన్నకుమార్ గారి భార్యగా, సునీత తల్లిగా కాక, నా తలకాయ కోసం నన్ను రమ్మన్న మొదటి మనిషి ఆమె. గ్రీన్ కార్డు ఉంది కాబట్టి పని చేయడానికి అడ్డు లేదు. డ్రైవింగ్ లైసెన్సు ఉంది. రాత్రిపూట మంచులో నడిచి రాలేను కాబట్టి కావలసినవి రెండే. ఆయన అయిదింటికల్లా కారుతో ఇంటికి రావాలి, వచ్చాక నేను తిరిగొచ్చేదాకా పిల్లను చూసుకోవాలి. అంటే ఆయన సరేననాలి.

చెప్పాను. ఆయన చెంచాతో కాఫీ తిప్పుతూ విన్నాడు. "ప్రార్థనలో పెడదాం" అన్నాడు.

మంగళవారం ప్రార్థనలో పెట్టాడు. "ప్రభువా, మా ముందున్న ఈ విషయంలో నీ చిత్తం బయలుపరచుము" అని, వెంటనే మా అమ్మ మోకాళ్ళకి వెళ్ళిపోయాడు. బుధవారం కూడా అంతే. వంకాయ కూర చల్లారిపోతుంటే నేను దేవుడి చిత్తం కోసం చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. గురువారం పొద్దున ఆయన కోటు వేసుకుంటుంటే అడిగాను.

"ఏమండీ, ఏదో ఒకటి చెప్పండి. అవునో, కాదో."

"తొందరెందుకు విమలా? ఆయన సమయంలో ఆయన చెప్తాడు."

"ఆయన సమయం సంగతి నాకు తెలీదు. డోరతీ సమయం మాత్రం రేపటిదాకానే. ఫోన్ చేసి ఏం చెప్పను? పైనుంచి ఇంకా కబురు రాలేదని చెప్పనా?"

"రోడ్లు బాలేవు. పిల్ల చిన్నది" అన్నాడు, గుమ్మం దాటుతూ. రెండూ కారణాలు కావని ఆయనకీ తెలుసు. కారణాలైతే సోమవారమే చెప్పేవాడు. కిటికీ గట్టు మీద గుక్కెడు కాఫీతో కప్పు వదిలి వెళ్ళాడు. దాన్ని చూస్తే ఒళ్ళు మండిపోయింది. ఈ మనిషి ఏ పనినీ ఆఖరి గుక్క దాకా తీసుకెళ్ళడు, చివరికి కాదనడాన్ని కూడా.

ఆ సాయంత్రం వడ్డించాను. సునీతను ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టాను. ఆయన గొంతు సవరించుకుని కళ్ళు మూసుకున్నాడు. "ఇవాళ నేను చేస్తాను ప్రార్థన" అన్నాను. వాళ్ళ వంశంలో ఆ మాట అన్న ఆడది ఉండి ఉండదు. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నేను అప్పటికే కళ్ళు మూసుకున్నాను. ఎంత పెద్ద సౌకర్యమో అప్పుడు తెలిసింది. కళ్ళు మూసుకున్న మనిషిని ఎవరూ ఆపలేరు.

"దయగల తండ్రీ, స్తోత్రం. ఈ అన్నం కోసం వందనాలు. ఈ ఇంట్లో సొరుగులు మూసే చేతులు దయచేయి. కప్పులో ఆఖరి గుక్క కూడా కాఫీయేనని తెలుసుకునే మనసు దయచేయి. ప్రభువా, నాకు లెక్కలు చేసే తెలివి ఇచ్చింది నువ్వు. నేను అడగలేదు. దాన్ని ఉప్పూ పప్పూ కొలుచుకోవడానికే ఇచ్చావో, ఇంకెందుకైనా ఇచ్చావో నాకు రేపటిలోగా తెలియాలి. ఈయన మనసులో ఏముందో నీకు తెలుసు. నాకు చెప్పడం లేదు. కనీసం నీకైనా చెప్పమని అడుగుతున్నాను. ఆమేన్."

"ఆమే" అంది సునీత.

ఆయన ఆమేన్ అనలేదు. నేను కళ్ళు తెరవలేదు. గోడ కింద హీటరు టిక్కుటిక్కుమంటోంది. తిడతాడేమో అనుకున్నాను. లేచి వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. అప్పుడు ఆయన గొంతు వినపడింది. రోజూ ప్రార్థనలో వాడే గొంతు కాదు, అందులో రాగం లేదు.

"ప్రభువా, మా సెక్షన్‌లో ముగ్గుర్ని లేఆఫ్ చేశారు. నా ముందు టేబులూ, పక్క టేబులూ ఖాళీ. అందరూ నాకంటే సీనియర్లే. ఇంట్లో చెప్పలేదు. ఇప్పుడు విమల ఉద్యోగానికి వెళ్తే, నా ఉద్యోగం పోతుందని ముందే తెలిసి పంపించానని మనవాళ్ళంతా అనుకుంటారు. నాకు భయంగా ఉంది తండ్రీ."

నేను కళ్ళు ఇంకా గట్టిగా మూసుకున్నాను. "ప్రభువా, ఆ మాట నాకు చెబితే ఏం పోయేదో ఈయన్ని అడుగు."

"ప్రభువా, చెప్పిన నిమిషంలో ఎన్నాళ్ళు గడుస్తుందో లెక్క కట్టేస్తుందని చెప్పు. నాకు ఆ లెక్క వినాలని లేదు."

"లెక్క కడితేనే కదా ప్రభువా ధైర్యం వచ్చేది!"

"ఆమెకి వస్తుంది ప్రభువా. నాకు రాదు."

అంకెలు చూస్తే నిదానం వచ్చే మనిషిని నేను. అంకెలు చూస్తే వణుకు పుట్టే మనిషి పక్కన ఇన్నాళ్ళు పడుకుంటున్నానని తెలియదు. గోడ మీది చక్రాన్ని అరవై రెండు దాటనివ్వకపోవడం పిసినారితనమనుకున్నాను. కరెంటు, గ్యాసు బిల్లుల కవర్లు విప్పకుండా నా వైపు తోసెయ్యడం బద్ధకమనుకున్నాను. కనిపెట్టి ఉండాల్సిందే, కానీ చెప్పే నోరుండి కూడా చెప్పని మనిషిని ఎన్ని కోణాల్లోంచి కనిపెడతాం? నాకు జాలితో పాటు కోపం కూడా అలాగే ఉంది.

ఆయన ఊపిరి పీల్చుకున్నాడు. మళ్ళీ ఆ పాత రాగం కొద్దిగా తొంగిచూసింది. "ప్రభువా, సోమవారం నుంచి ఆమె రాకపోకల్లో తోడుండుము. ఈ పిల్లను చూసుకునే ఓపిక నాకు దయచేయుము. డోరతీ గారిని ఆశీర్వదించుము. ఆమేన్."

"ఆమేన్" అన్నాను. ఇద్దరం కళ్ళు తెరిచాం. ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. ఆయన అన్నం కలుపుకుంటూ "పప్పు బావుంది" అన్నాడు. రాయిలా ఉంది.

సోమవారం అయిదింటికి కారు వచ్చింది. ఆయన తాళాలు నా చేతిలో పెట్టి, "మంచు కరగడానికి రోడ్డు మీద ఉప్పు చల్లారు. అయినా బ్రేకు గట్టిగా తొక్కకు" అన్నాడు, బ్రేకుల ఇంజనీరు కాబట్టి. నేను పని ముగించుకుని వచ్చేసరికి పిల్ల నిద్రపోయింది. దాని గౌనుకు గుండీలన్నీ వెనక్కి కాక ముందుకున్నాయి. ఆయన తినకుండా కూర్చుని ఉన్నాడు. నాకు ఆకలితో కళ్ళు తిరుగుతున్నాయి. పళ్ళెం ముందు కూర్చోగానే ఆయన మొదలుపెట్టాడు. డోరతీ, ఆ ఆఫీసు, అక్కడ కూడికల మెషీను, రోడ్డు మీద ఉప్పు చల్లినవాడు, ఆ ఉప్పు తవ్వినవాడు. అంతకుముందు కంటే ఎక్కువైంది. ప్రార్థనలోకి ఒక ఆఫీసు మొత్తాన్ని నేనే తోలుకొచ్చానని అప్పుడర్థమైంది.

ఆ వేసవిలో ఆయన్ని నిజంగానే లేఆఫ్ చేశారు. డోరతీ నన్ను సీజను అయిపోయాక కూడా ఉంచుకుంది. మేము బతికాం. ఆకులు రాలే రోజులకి ఆయనకు వేరే కంపెనీలో దొరికింది. ఆ నెలల్లో కూడా ఆయన పగలు నాతో వాతావరణం గురించీ, బియ్యం గురించీ మాట్లాడేవాడు. భయం గురించి సాయంత్రం దేవుడితో చెప్పేవాడు. నేను పక్కన కూర్చుని వినేదాన్ని. మధ్యలో ఎప్పుడైనా కళ్ళు మూసుకునే ఒక అంకె అందించేదాన్ని.

నేను చెప్పినంతా విని సునీత, "ఓ మై గాడ్ మమ్మీ, దట్స్ సో పాసివ్ అగ్రెసివ్! డైరెక్ట్‌గా మాట్లాడుకోవచ్చు కదా?" అంది. వాళ్ళు మాట్లాడుకుంటారు. నేనున్నప్పుడే ఒక సాయంత్రం ఆ టవల్ గురించి సోఫాలో ఎదురెదురుగా కూర్చుని, ఒకరి మాట ఒకరు పూర్తిగా విని, "ఐ హియర్ యూ" అనుకుని, ఒప్పందానికి వచ్చి లేచారు. నాకు ముచ్చటేసింది. మర్నాడు పొద్దున టవల్ మంచం మీదే ఉంది. మళ్ళీ సోఫాలో కూర్చున్నారు. వాళ్ళది మంచి పద్ధతే. మాది చెడ్డ పద్ధతే. మొగుడి మనసు తెలుసుకోవడానికి ఇన్నేళ్ళు చల్లారిన అన్నం తినడం ఏ లెక్కన చూసినా నష్టమే. కానీ ఒక్కటి మాత్రం చెప్పాలి. నాతో చెప్పిన మాటయితే ఆయన మర్నాటికి సవరించేవాడు, ఎల్లుండికి మరిచిపోయేవాడు. మరుసటి జనవరికి "ఈ ఏడు కూడా వెళ్ళాలా?" అని అడిగేవాడు. ఆ గురువారం మాట దేవుడితో చెప్పింది. సవరించడానికి వీల్లేక, ప్రతి జనవరిలోనూ అయిదింటికి కారు తాళాలు తెచ్చి నా చేతిలో పెట్టాడు. ఉద్యోగానికి వెళ్ళమని నాతో మాత్రం ఇప్పటికీ అనలేదు.